ప్రత్యర్థి దేశాలతో మెలగడం ఎలా? రియలిజంపై గోదావరి డెల్టా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

వరి, రొయ్య పండించి సముద్రం దాటించి అమ్ముకునే ప్రాంతం మనది. ఢిల్లీకీ బీజింగ్‌కూ చెడినా, వాషింగ్టన్‌లో ఒక సంతకం పడినా భీమవరంలో కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) కదులుతుంది, కాకినాడలో బార్జీలు ఆగుతాయి. విదేశాంగ విధానం గురించి డిగ్రీ విద్యార్థులు, గ్రూప్స్‌కు చదివేవారు, ఆక్వా రైతులు, మిల్లర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

రియలిజం అంటే ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.

దేశాల మధ్య తగువొస్తే పిలిచి పంచాయితీ చేసి, తీర్పు అమలు చేయించే పెద్దమనిషి లేడు. ఐక్యరాజ్యసమితి ఉంది గానీ భద్రతామండలిలో 5 దేశాలకు వీటో ఉంది. గొడవ ఆ ఐదింటిలో ఒకదానితోనే అయితే తీర్మానం అక్కడే పడుకుంటుంది. కాబట్టి ఎవరి భద్రత వారే చూసుకోవాలి, ఎదుటి దేశం ఏమంటోందో వినేముందు ఏం చేయగలదో లెక్కవేయాలి. ఇది మొదటి ముక్క. పాఠ్యపుస్తకాల్లో దీన్నే వాస్తవికవాదం అంటారు.

రెండో ముక్క: మన లక్ష్యం మన సత్తాను మించకూడదు. మా లెక్కలో రియలిజంలో సగం ప్రత్యర్థి గురించి, మిగతా సగం మన గురించి. టీవీ చర్చల్లో మొదటి సగమే వినబడుతుంది.

అంటే యుద్ధానికి సై అనడమేగా?

పేరున్న రియలిస్టుల చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఈ సిద్ధాంతానికి పేరుతెచ్చిన పండితుడు హాన్స్ మోర్గెంథావ్ వియత్నాం యుద్ధాన్ని మొదటి నుంచీ తప్పుపట్టాడు. ఇరాక్ మీదికి వెళ్లడం అమెరికా ప్రయోజనాలకు మంచిది కాదని 2002 సెప్టెంబరులో 33 మంది పండితులు న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బు కట్టి ప్రకటన వేయించారు. అందులో కెన్నెత్ వాల్ట్జ్, జాన్ మియర్‌షైమర్, స్టీఫెన్ వాల్ట్ వంటి రియలిస్టులే ముందున్నారు. యుద్ధం మరుసటి మార్చిలో మొదలైంది. సోవియట్ యూనియన్‌ను ఎక్కడికక్కడ నిలువరించాలని 1946లో మాస్కో నుంచి సుదీర్ఘ తంతి పంపిన అమెరికా దౌత్యవేత్త జార్జ్ కెన్నన్ కూడా, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోను తూర్పుకు విస్తరించడం పెద్ద పొరపాటు అవుతుందని 1997లో హెచ్చరించాడు.

వీరెవరూ శాంతికాముకులనిపించుకున్నవారు కాదు. ఖర్చుకు తగ్గ లాభం లేదన్నదే వారి అభ్యంతరం.

మన దగ్గర ఇలాంటి ఆలోచన ఉండేదా?

ఉంది, అదీ చాలా పద్ధతిగా. అర్థశాస్త్రం ఏడో అధికరణంలో కౌటిల్యుడు ప్రత్యర్థితో మెలగడానికి ఆరు మార్గాలు చెప్పాడు: సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం. నేటి మాటల్లో చెప్పుకుంటే ఒప్పందం, వైరం, కదలకుండా కనిపెట్టుకుని ఉండటం, సైన్యాన్ని కదపడం, బలవంతుడి అండ చేరడం, ఒకరితో సంధి చేసుకుని మరొకరితో వైరం నడపడం. తక్కువ బలం ఉంటే సంధి, ఎక్కువ ఉంటే విగ్రహం, సమానంగా ఉంటే ఆసనం అని సూత్రం.

చాలామంది వదిలేసే వాక్యం ఇంకొకటుంది. సంధిలోనూ విగ్రహంలోనూ లాభం సమానంగా కనబడితే సంధినే ఎంచుకోమన్నాడు. యుద్ధంలో జననష్టం, ధనవ్యయం, ఇల్లు విడిచి పరదేశంలో ఉండటం, అనుకోని అడ్డంకులు ఉంటాయని కారణం కూడా చెప్పాడు. కౌటిల్యుడి పేరు చెప్పి వీరావేశంతో ఊగిపోయేవారు ఈ భాగం చదివినట్టు కనిపించదు.

ఈ గ్రంథం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి వచ్చింది, 1909లో అచ్చయింది. సంధి, విగ్రహం అన్న మాటలు మాత్రం అంతకుముందే పంచతంత్రం ద్వారా తెలుగు బడిపిల్లల నోళ్లలో ఉన్నాయి. చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం రాసి ఆపేస్తే, సంధి, విగ్రహం తంత్రాలు రాసినవారిలో రాజమండ్రి కందుకూరి వీరేశలింగం ఒకరు.

ప్రత్యర్థి బలాన్ని ఎలా లెక్కగట్టాలి?

చైనానే తీసుకుందాం. ఈ క్రమంలో చూడండి.

ముందు మొత్తం సంపద. 1980ల చివర్లో భారత్, చైనా జీడీపీలు దాదాపు సమానం. 2024 నాటికి వారిది సుమారు 5 రెట్లు. రక్షణ ఖర్చు: స్టాక్‌హోమ్ పరిశోధన సంస్థ సిప్రి అంచనాల ప్రకారం 2024లో చైనాది 31,400 కోట్ల డాలర్లు, మనది 8,610 కోట్ల డాలర్లు. అంటే మూడున్నర రెట్లకు పైమాటే.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, అయితే మన పని అయిపోయినట్టే అంటారు. అసలు లెక్క ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ బలంలో ఎంత భాగం మన సరిహద్దు మీదికి తేగలరు? చైనా సైన్యంలో ముఖ్యభాగం చూపు తైవాన్ వైపు, అమెరికా నౌకాదళం వైపు ఉంది. టిబెట్‌లోని వైమానిక స్థావరాలు చాలా ఎత్తున ఉన్నాయి. ఙారి గున్సా విమానాశ్రయం 4,200 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. అక్కడి పలుచని గాలిలో యుద్ధవిమానం ఇంధనమూ ఆయుధాలూ నిండుగా వేసుకుని పైకి లేవలేదు. మన స్థావరాలు చాలావరకు మైదానంలో ఉన్నాయి. అదే సముద్రం వైపు చూస్తే, చైనాకు చేరే చమురులో పెద్ద వాటా మలక్కా జలసంధి గుండానే పోవాలి. ఆ జలసంధి పడమటి ముఖద్వారం ముందే మన అండమాన్ నికోబార్ దీవులున్నాయి. బంగాళాఖాతం మనకు చేపలిచ్చే సముద్రం, బీజింగ్ సైనికాధికారి పటంలో అదొక ఇరుకు సందు.

తర్వాత కాలం. ఈ బలం 2 వారాలు నిలుస్తుందా, 2 ఏళ్లు నిలుస్తుందా? మందుగుండు తయారీ, విడిభాగాలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఇంధన నిల్వలు ఎన్నాళ్లకు సరిపోతాయి. పరేడ్‌లో కనబడే ట్యాంకుల కన్నా ఇవి ముఖ్యం.

చివరగా ఉద్దేశం. ఉద్దేశాన్ని ఎందుకు చివర పెట్టామంటే అది రాత్రికి రాత్రి మారగలదు. రోడ్డు, సొరంగం, రన్‌వే అలా మారవు.

ఈ లెక్కలో తరచూ జరిగే తప్పులు రెండు. ఒకటి, ప్రత్యర్థి మొత్తం బలాన్ని మన ఒక్కరి మీదే మోహరించినట్టు ఊహించుకుని బెదిరిపోవడం. రెండోది 1962లో జరిగింది.

1962లో తప్పెక్కడ జరిగింది? పంచశీలను నమ్మడం వల్లేనా?

1954 ఏప్రిల్ 29న చైనాతో పంచశీల ఒప్పందం మీద సంతకం పెట్టడమే తప్పు అనేవారున్నారు. మాకు అలా తోచదు. బలం చాలనప్పుడు సంధి చేసుకోవడం రియలిజానికి విరుద్ధం కాదు. దెబ్బ తగిలింది ఆ తర్వాతి అడుగులో. 1961 నవంబరులో ఫార్వర్డ్ పాలసీ పేరుతో వివాద ప్రాంతంలోకి ముందుకెళ్లి చిన్న చిన్న పోస్టులు పెట్టమన్నారు. వాటిలో చాలావాటికి రోడ్డు లేదు, సామాను విమానం నుంచి జారవిడవాలి. చలిబట్టలు చాలవు, వెనక ఫిరంగుల అండ లేదు. చైనా కాల్పులు జరపదన్న ఊహ మీద మొత్తం విధానాన్ని నిలబెట్టారు. అంటే ప్రత్యర్థి సత్తాను వదిలేసి ఉద్దేశాన్ని నమ్ముకున్నారు. అక్టోబరు 20న దాడి మొదలైంది, నవంబరు 21న చైనా తనంత తానే కాల్పుల విరమణ ప్రకటించింది.

శాంతి మాటలు చెబుతూ సైన్యాన్ని బలహీనంగా ఉంచితే ఒక రకం ప్రమాదం. బలహీనమైన సైన్యంతో దూకుడు చూపితే అంతకన్నా ప్రమాదం. 1962లో ఈ రెండూ ఒకేసారి జరిగాయి.

మనం ఆత్మరక్షణకు రోడ్డు వేసుకుంటే వాళ్లకెందుకు కోపం?

కోనసీమలో పక్కపక్క చెరువుల రైతులకు ఇది వివరించక్కర్లేదు. ఒకరు వరద భయంతో తన గట్టు అడుగు లేపుతాడు. ఆ నీరు పక్కవాడి వైపు తిరుగుతుంది, అతనూ లేపుతాడు. ఇద్దరి ఖర్చూ పెరిగింది, ఎవరి చెరువూ ముందుకన్నా భద్రంగా లేదు. దేశాల మధ్య దీన్ని భద్రతా సందిగ్ధం అంటారు. లదాఖ్‌లో సైన్యాన్ని తొందరగా చేర్చడానికి మనం వేసే రోడ్డు, అవతలి వారికి దాడి రోడ్డులా కనబడుతుంది. వారి రోడ్డు మనకూ అంతే.

దీనికి మందు పూర్తి నమ్మకం అనుకుంటే అది దొరకదు. చిన్న చిన్న కట్టుబాట్లు పనిచేస్తాయి. 1993లో రెండు దేశాల సైన్యాలను విడదీసే వాస్తవాధీన రేఖ వెంట శాంతి ఒప్పందం కుదిరింది. 1996 ఒప్పందంలో ఆ రేఖకు 2 కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదన్నారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో రాళ్లు, ఇనుప ముళ్ల కర్రలతో కొట్టుకోవడానికి ఈ కట్టుబాటు ఒక కారణం. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది మన సైనికులు అమరులయ్యారు. ఒప్పందం వారిని కాపాడలేదు, కానీ గొడవ ఫిరంగుల దాకా పోలేదు. కాగితం ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఈ ఒక్క రాత్రిలో కనిపిస్తాయి. లదాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీపై ఒప్పందం కుదరడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. అన్నాళ్లూ ఎముకలు కొరికే చలిలో వేల మందిని ఎదురుబొదురుగా నిలబెట్టే ఖర్చును రెండు దేశాలూ భరించాయి.

చైనాతో ఇంత గొడవ పెట్టుకుని వ్యాపారం ఎందుకు చేస్తున్నాం?

ఎక్కువమంది అడిగేది, ఆవేశంగా అడిగేది ఇదే.

గల్వాన్ జరిగి 6 నెలలు తిరక్కుండానే, 2020 డిసెంబరులో, దశాబ్దాల తర్వాత తొలిసారి చైనా మన బియ్యం కొంది. లక్ష టన్నుల నూకలకు, టన్ను సుమారు 300 డాలర్ల చొప్పున ఒప్పందాలు కుదిరినట్టు వార్తలొచ్చాయి. థాయ్‌లాండ్, వియత్నాంలలో సరుకు తక్కువ, ధర ఎక్కువ. మరుసటి ఏడాదికల్లా మన నూకలను అందరికన్నా ఎక్కువ కొన్న దేశం చైనాయే. నూడుల్స్‌కు, సారాకు, పశువుల దాణాకు వాడుకున్నారు. ఇటు కాకినాడ లంగరు రేవులో ఓడ ఒడ్డుకు దూరంగా నిలబడి ఉంటే, బస్తాలు బార్జీల్లో వెళ్లి క్రేన్‌తో ఎక్కుతాయి. లోడింగ్ రద్దీ ఎంతగా పెరిగిందంటే 2021 ఫిబ్రవరిలో డీప్ వాటర్ పోర్టులోనూ బియ్యం ఎక్కించడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించాల్సి వచ్చింది. ఆ రద్దీకి చైనా ఒక్కటే కారణం కాదు, ఆఫ్రికా గిరాకీ పెద్దది. కానీ సరిహద్దులో సైన్యాలు ఎదురెదురుగా ఉండగానే బియ్యం నడిచిందన్నది నిజం. చైనా అవసరానికి కొంది, మనం లాభానికి అమ్మాం. 2022 సెప్టెంబరులో దేశంలో ధరలు పెరుగుతాయని మనమే నూకల ఎగుమతి నిషేధించాం. అప్పుడూ చూసుకున్నది మన అవసరమే.

ఇక అసలు సమస్య దిగుమతులు. 2024-25లో చైనా నుంచి మనం కొన్నవి సుమారు 11,345 కోట్ల డాలర్లవి, అమ్మినవి 1,425 కోట్ల డాలర్లవి. లోటు 9,900 కోట్ల డాలర్ల పైచిలుకు. రియలిస్టు ఈ లోటు అంకె చూసి బెంబేలెత్తడు. ఒక్కో వస్తువునూ విడదీసి మూడు ప్రశ్నలు వేస్తాడు. వారు ఆపేస్తే మనకు వేరే అమ్మకందారు ఉన్నాడా? ఆ ఏర్పాటుకు నెలలు పడుతుందా, ఏళ్లు పడుతుందా? ఆపితే ముందు ఎవరి ఫ్యాక్టరీ మూతపడుతుంది?

బొమ్మలు, ప్లాస్టిక్ సామాను, దీపావళి లైట్లు ఈ పరీక్షలో అసలు లెక్కలోకే రావు. ఆపితే మనకు పోయేదీ లేదు, వాళ్లకు తగిలేదీ లేదు. 2020 జూన్ 29న 59 యాప్‌లు నిషేధించడం కూడా మనకు దాదాపు ఖర్చు లేని పని, అందుకే తొందరగా జరిగింది. మందుల ముడిపదార్థాలు, అరుదైన లోహాల అయస్కాంతాలు వేరే సంగతి. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన లోహాలకు, వాటితో చేసే అయస్కాంతాలకు ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేయగానే మన వాహన కంపెనీలకు చెమటలు పట్టాయి. డీఏపీ ఎరువు కూడా ఈ జాబితాలోదే. మనకు కావలసిన డీఏపీలో సగానికి పైగా దిగుమతి. 2021 చివరి నుంచి చైనా ఎరువుల ఎగుమతులు బిగిస్తూ వదులుతూ వస్తోంది. బిగించిన ఏడాది సార్వా (ఖరీఫ్) నాట్ల వేళకు సొసైటీ గోదాముల ముందు క్యూ పెరుగుతుంది.

కాబట్టి ‘అన్నీ బహిష్కరించండి’ అన్న నినాదం వాట్సాప్‌కు బాగుంటుంది. పని చేసేది వస్తువు వారీ జాబితా.

అమెరికా మనవైపే కదా? మరి రొయ్యల మీద సుంకాలేంటి?

చైనాను అడ్డుకోవడంలో ఇద్దరికీ ప్రయోజనం కలుస్తుంది. అంతవరకే మనవైపు. 2007లో మొదలై, ఆగి, 2017లో మళ్లీ లేచిన భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల బృందం క్వాడ్‌లో ఒకరిపై దాడి జరిగితే మిగతావారు యుద్ధానికి దిగాలన్న షరతు లేదు. అది కూటమి కాదు. ప్రయోజనం కలవని చోట అమెరికా తన దారి తను చూసుకుంటుంది.

2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం పడింది. రొయ్యలకు పాత యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేవి), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ సబ్సిడీ అందుతోందని వేసేవి) సుంకాలు దీనికి అదనం. అదే సమయంలో మన ప్రధాన పోటీదారు ఈక్వెడార్‌కు 15 శాతమే. ఆ తర్వాత కూడా ఈ రేట్లపై బేరసారాలు నడిచాయి. మీ సరుకు బయల్దేరేనాటి రేటును కస్టమ్స్ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, వార్తాపత్రిక అంకె మీద ఒప్పందం రాసుకోవద్దు.

రియలిస్టు దృష్టిలో ఇక్కడ బలహీనత సుంకం కన్నా లోతుగా ఉంది. మన రొయ్యలకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా, ఆ తర్వాత చైనా. అంటే ఒకరితో ఒకరికి పడని రెండు పెద్ద దేశాల చేతిలో మన చెరువుల భవిష్యత్తు ఉంది. అమ్మకం ఒక్కటే కాదు, విత్తనం కూడా. 2009లో అనుమతి వచ్చినప్పటి నుంచి మనం పెంచుతున్న వనామి రకం తల్లి రొయ్యల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే హేచరీలకు చేరతాయి. కొనేవాడూ విత్తనం ఇచ్చేవాడూ ఒకరే అయినప్పుడు బేరం ఎటు మొగ్గుతుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. దేశీయంగా తల్లి రొయ్యల అభివృద్ధికి పెట్టే డబ్బును అందుకే మేం వ్యవసాయ ఖర్చుగా చూడం, విదేశాంగ ఖర్చుగా చూస్తాం.

రష్యా చమురు కొనడం నైతికంగా సరైనదేనా?

రియలిజం ఆ ప్రశ్నను పక్కన పెడుతుంది, అది దాని పరిమితి. లెక్క మాత్రం ఇది: ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన ముడిచమురులో రష్యా వాటా 2 శాతం లోపు. 2023-24 నాటికి సుమారు 35 శాతం. రాయితీ దొరికింది, ధరలు అదుపులో ఉన్నాయి. రెండో కారణం పైకి అంతగా చెప్పరు: రష్యా పూర్తిగా చైనా చేతిలో పడటం మనకు నష్టం. కొనేవారు ఇద్దరుంటే మాస్కోకు కాస్త ఊపిరి ఉంటుంది. రాయితీ కరిగి సుంకం పెరిగితే ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు కొనుగోలు తగ్గించడం కూడా రియలిజమే.

1971ని రియలిస్టు విధానానికి ఉదాహరణగా ఎందుకు చెబుతారు?

తేదీలు వరుసగా చూస్తే చాలు. జూలై 9న అమెరికా అధ్యక్షుడి భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్థాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ చేరాడు. అమెరికా, చైనా, పాకిస్థాన్ ఒక వైపు చేరుతున్నాయని ఢిల్లీకి అర్థమైంది. సరిగ్గా నెలకు, ఆగస్టు 9న, సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. దాని 9వ అధికరణం ప్రకారం ఒకరిపై దాడి ముప్పు వస్తే ఇద్దరూ వెంటనే సంప్రదించుకోవాలి. ఏ కూటమిలోనూ చేరని అలీన విధానం మాటేమిటని విమర్శలొచ్చాయి. కౌటిల్యుడి భాషలో అది కొంత సంశ్రయం, కొంత ద్వైధీభావం. యుద్ధం డిసెంబరు దాకా ఆగింది. సైన్యం సన్నద్ధం కావాలి, హిమాలయ కనుమలు మంచుతో మూసుకుంటే చైనా కదలడం కష్టం.

యుద్ధం మన తీరానికీ వచ్చింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాక్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3-4 రాత్రి విశాఖ ముందు మునిగిపోయింది. నెల మధ్యలో అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది, దాని వెనకే సోవియట్ నౌకలు. 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. ఆ ఒప్పందం లేకపోతే ఎంటర్‌ప్రైజ్ ఏం చేసేదన్నది ఎవరూ రుజువు చేయలేరు. బంగాళాఖాతంలో మనం ఒంటరిగా లేకపోవడం మాత్రం వాస్తవం.

లక్ష్యం చిన్నదిగా, స్పష్టంగా ఉందన్న సంగతి కూడా గమనించాలి. తూర్పున పని కాగానే పడమటి వైపు భారత్ తనంత తానే కాల్పుల విరమణ ప్రకటించింది.

బలవంతుడి అండ చేరడం ఎప్పుడు బెడిసికొడుతుంది?

పిఠాపురం దగ్గర చెందుర్తికి వెళ్లినవారు ఈ ప్రశ్న అడగరు. బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివారు ఉత్తర సర్కారుల మీద పెత్తనం చేస్తున్న రోజులు. వారిని వదిలించుకోవాలని విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లిషువారిని పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చెందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన ఓడింది. ఒప్పుకున్న సొమ్ము రాజు దగ్గర నుంచి రావడం ఆలస్యమై ఫోర్డ్ దండు వారాల తరబడి కదల్లేకపోయింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఫ్రెంచివారి అండతో గద్దెనెక్కిన నిజాం సలాబత్ జంగ్ కొద్ది వారాల్లోనే ఇంగ్లిషువారితో సంధి రాసుకున్నాడు. 1765 నాటికి మొఘల్ ఫర్మానాతో సర్కారులు కంపెనీకి దఖలుపడ్డాయి. ఫ్రెంచివారికి యానాం మిగిలింది, అదీ 1954 దాకా.

ఆనంద గజపతి లెక్కలో ఒక ప్రశ్న లోపించింది: పని అయ్యాక వచ్చినవాడిని ఎవరు పంపుతారు? అండ చేరడంలో తప్పు లేదు. వచ్చినవాడు ఉండిపోతే ఆపగల బలం మనకుండాలి, లేదా అతనికి పోటీగా మరొకడుండాలి. ఫ్రెంచివారు పోయాక ఆ పోటీదారు లేడు. పెద్ద దేశాలకు మన స్థావరాలు వాడుకోవడానికి ఇచ్చే ఒప్పందాల్లో గడువు, రద్దు షరతు ఉన్నాయా అని చూడమనేది ఇందుకే. 2017లో హంబన్‌టోట రేవును చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకు ఇచ్చిన శ్రీలంకకు ఈ సంగతి తెలుసు. 2022 ఆగస్టులో చైనా నిఘా నౌక యువాన్ వాంగ్ 5 అక్కడికి వస్తానంటే, ముందు ఆగమని కోరి, చివరికి అనుమతించక తప్పలేదు.

పాకిస్థాన్‌తో మాటలు బంద్ అంటున్నప్పుడు తెరవెనక ఏమైనా నడుస్తుందా?

నడుస్తుంది, నడవాలి కూడా. 1988 డిసెంబరు 31న కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. వాటి మీద దాడి చేయకూడదన్నది షరతు. కార్గిల్ వచ్చినా, బాలాకోట్ జరిగినా ఇది ఆగలేదు. సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్ల మధ్య హాట్‌లైన్ ఉంది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు ముందు చెప్పాలన్న ఒప్పందం 2005 నుంచి ఉంది. జైళ్లలో ఉన్న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు జనవరి 1న, జూలై 1న మారతాయి. గుజరాత్ బోట్ల మీద పనికెళ్లి 2018 నవంబరులో పాక్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. ఈ దారులన్నీ మూసేసి ఉంటే వారి పేర్లు ఎవరి బల్ల మీదికి చేరేవి?

ప్రత్యర్థితో మాట్లాడటం అతనికిచ్చే బహుమానం అనుకుంటే ఈ ఏర్పాట్లు అర్థం కావు.

రియలిజం ఎక్కడ తప్పుతుంది?

చాలాచోట్ల. సోవియట్ యూనియన్ యుద్ధం లేకుండా 1991లో తనంత తానే కూలిపోతుందని ఈ సిద్ధాంతం ఊహించలేదు. దేశం లోపలి రాజకీయాన్ని, కులమతాలను, నాయకుడి పిచ్చిని ఇది తక్కువగా చూస్తుంది. 1938లో మ్యూనిక్‌లో చెకొస్లొవేకియా భాగాన్ని హిట్లర్‌కు వదిలేయడాన్ని సమర్థించినవారిలో రియలిజానికి పేరుపడ్డ ఈ.హెచ్. కార్ కూడా ఉన్నాడు. పరిమితమైన కోరిక ఉన్నవాడికి ఇచ్చి పుచ్చుకోవడం పనిచేస్తుంది. ఆకలికి అంతులేనివాడికి ఇచ్చేకొద్దీ బలం పెరుగుతుంది. ఎవరు ఏ రకమో ముందే తేల్చే సూత్రం రియలిజం దగ్గర లేదు.

రియలిస్టుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. పెద్ద దేశం వీలైనంత బలం కూడబెట్టుకోక మానదని మియర్‌షైమర్ అంటాడు. మితిమీరి కూడబెడితే మిగతావారు ఏకమై ఎదురుతిరుగుతారు గనుక చాలినంతతో ఆగడమే తెలివని వాల్ట్జ్ వైపు వారంటారు. చైనా పొరుగువారిని చూస్తే మాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది. 2020కి ముందు ఆస్ట్రేలియాను మలబార్ నౌకాదళ విన్యాసాలకు మళ్లీ పిలవడానికి మనం వెనకాడాం. గల్వాన్ జరిగిన ఏడాదే పిలిచాం.

పేపర్లో విదేశాంగ వార్త చదివేటప్పుడు ఏం చూడాలి?

సంయుక్త ప్రకటనలో పొగడ్తలు దాటేయండి. తేదీ, అంకె, బాధ్యుడి హోదా ఉన్న వాక్యాల కింద గీత గీయండి. అవి లేకపోతే ఏమీ తేలలేదని అర్థం. రెండు దేశాలూ విడివిడిగా ఇచ్చిన ప్రకటనలను పక్కన పెట్టుకోండి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని మాటే అసలు పేచీ. నాయకుడి ప్రసంగం ఎవరి కోసమో చూడండి, ఎన్నికల ముందు అది ఎక్కువగా ఇంటివారి కోసమే. ఆపై 3 నెలలు ఆగి, సైన్యం కదిలిందా, డబ్బు కేటాయించారా, లైసెన్సులు మారాయా అని చూడండి.

సుంకం వార్త రాగానే ఇక్కడ కౌంట్ రేటు పడిపోతుంది. అది నిజంగా సుంకం వల్లేనా?

కొంతే. సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. అయితే మన ఎగుమతిదారుల్లో కొందరు సుంకంతో సహా సరుకు అప్పగిస్తామని ఒప్పుకుంటారు, ఆ పద్ధతిలో భారం నేరుగా ఇక్కడే పడుతుంది. అప్పటికే ఓడ ఎక్కిన కంటైనర్లకు ఏ తేదీ రేటు వర్తిస్తుందో నోటిఫికేషన్‌లో ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా ఇచ్చిన ఉత్తర్వుల్లో దారిలో ఉన్న సరుకుకు గడువుతో మినహాయింపు ఉంది. ప్లాంట్ కోల్డ్ స్టోరేజీలో పాత ధరకు కొన్న నిల్వ ఎంతుందన్నది ఇంకో లెక్క. ఇవేవీ తేలకముందే, వార్త వచ్చిన సాయంత్రమే రేటు పడితే అందులో సుంకం పాలు తక్కువ, భయం పాలు, బేరం పాలు ఎక్కువ. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) వారం వాయిదా వేయగలిగిన రైతు ఆగి చూడొచ్చు. వైట్‌స్పాట్ జబ్బు కనబడినా, ఆక్సిజన్ పడిపోతున్నా ఆగకూడదు. అప్పుడు వాషింగ్టన్ కన్నా చెరువే తొందరపెడుతుంది.